గట్టు మీద వావిలి: గుర్తుపట్టండి, కాపాడుకోండి

దశపర్ణి కషాయం కాద్దామంటే మా కలిదిండి వైపు ఇప్పుడు వేపాకు దొరుకుతోంది గానీ వావిలాకు దొరకడం కష్టమైపోతోంది. ఒకప్పుడు పంట కాలువ గట్ల మీద దానంతటదే పెరిగేది. వరిచేలు చేపల చెరువులయ్యాక, పొక్లెయిన్‌తో గట్లు వెడల్పు చేసినచోటల్లా పొదలు పోయాయి. మిగిలినచోట కలుపుమందు కొట్టేస్తున్నారు. అందుకే ఈ వీడియోలో మొక్కను దగ్గరగా చూపించాను.

వావిలి శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. తులసి కుటుంబానికి చెందిన పొద. వినాయక చవితి పత్రిలో సింధువారం అంటే ఇదే.

గుర్తులు:
• లేత కొమ్మ పట్టుకుంటే నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా వస్తాయి.
• ఒక్కో కాడకి మామూలుగా ఐదు ఆకులు, అరచేతి వేళ్లలాగా. నడిమి మూడూ పెద్దవి, వాటికి చిన్న తొడిమ ఉంటుంది. పక్క రెండూ చిన్నవి.
• పైన ముదురు ఆకుపచ్చ, కింద సన్నటి నూగుతో తెల్లగా ఉంటుంది. నలిపితే ఘాటు వాసన.
• కొమ్మ చివర నీలి ఊదా రంగు చిన్న పూలగుత్తులు. పండిన కాయ నల్లగా మిరియమంత ఉంటుంది.

మూడాకుల వావిలి ఇంకోటి ఉంది. వావిలికి కూడా ఒక్కోసారి మూడాకులే వస్తాయి కాబట్టి లెక్క ఒక్కటే చూసి మోసపోవద్దు. మూడాకుల దాని ఆకుకి తొడిమ దాదాపు ఉండదు, కొస మొద్దుగా ఉంటుంది. వావిలి ఆకు కొస సన్నగా సాగి ఉంటుంది.

ఆ ఘాటు వాసన ఆకులోని నూనెలదే. అందుకే పశువులు దీన్ని పెద్దగా ముట్టవు, కంచెగా వేసుకున్నా నిలుస్తుంది. దశపర్ణికి 200 లీటర్ల నీటిలో 2 కిలోల వావిలాకు వేస్తాం. మినుముల డబ్బాలో పురుగు పట్టకుండా ఎండాకు వేసే అలవాటు మన పెద్దలదే. అయితే ఆకు బాగా ఎండాలి, తడి ఉంటే గింజ బూజు పడుతుంది. పూత మీద తేనెటీగలు బాగా వాలతాయి కాబట్టి పూత ఉన్నప్పుడు మొత్తం నరకొద్దు, సగం కొమ్మలు వదిలేయండి. నరికినచోట మళ్లీ చిగురిస్తుంది.

పెంచడం తేలిక. తొలకరి పడ్డాక పెన్సిలంత లావు ముదురు కొమ్మని మూరెడు పొడవు కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. నీళ్లు నిలవని గట్టు పైభాగం చూసుకోండి. చెరువు తవ్వించేవాళ్లు కూడా పొక్లెయిన్ రాకముందే నాలుగు కొమ్మలు కోసి పక్క గట్టున గుచ్చితే, ఊళ్లో వావిలి మిగులుతుంది.