పాత ట్రాక్టరు హైడ్రాలికు మీటలు – గుర్తించు విధము

పాత ట్రాక్టరును కొనిన రైతునకు యంత్రముతోపాటు పుస్తకము దొరకుట అరుదు. మీటల ప్రక్కన పోతపోసిన గుర్తులు అరిగియో, రంగు మీద రంగు పూయుటచే కప్పబడియో యుండును. పీఠమునకు కుడివైపున ఒకటో రెండో మీటలు కనబడును. అవి ఏమి చేయునని యడిగినచో అమ్మినవాడొకటి చెప్పును, పాత డ్రైవరు వేరొకటి చెప్పును. ఇది చిన్న చిక్కుగా తోచును గాని, అట్టి మీటను తెలియక ఒక్కమారు కదల్చినచో పైనున్న నాగలి క్రింద నిలిచినవాని పాదముపై పడగలదు. కావున రైతు సోదరులకు మొట్టమొదట విన్నవించునది యిది: మీట పేరును మనుష్యుల నడిగి నమ్మి యూరకుండరాదు, దాని పనిని యంత్రమునే అడిగి తెలిసికొనవలెను.

యంత్రము లోపల జరుగు పని

ఇంజను ఒక పంపును త్రిప్పును. ఆ పంపు ఆయిలును సిలిండరులోనికి నెట్టును. సిలిండరులోని పిస్టను కదలి అడ్డ ఇరుసును త్రిప్పగా, దాని రెండు కొనలనుండు లిఫ్టు చేతులు లేచి, క్రింది లింకులను, వానికి తగిలించిన పనిముట్టును పైకెత్తును. మీట చేయు పని యంతయు ఈ ఆయిలునకు త్రోవను తెరచుట, మూయుట మాత్రమే.

ఇచ్చట ముఖ్యముగా గమనింపదగినది యొకటి కలదు. ఎత్తుట పంపు పని. దించుట పనిముట్టు బరువు పని. ఆయిలునకు వెలుపలి త్రోవ తెరచినంతనే పనిముట్టు తన బరువుచేతనే దిగివచ్చును. అందుచేత ఇంజను ఆగియున్నను, మీటను తాకినచో పైనున్న నాగలి క్రిందికి వచ్చును. ఇంజను ఆపితిమి గదా యని దాని క్రింద దూరుట ప్రాణాపాయము.

ఒక మీట, రెండు మీటలు

ఈ ఏర్పాటును లోకమునకిచ్చినవారిలో ప్రముఖుడు హ్యారీ ఫెర్గుసన్. ఆయన 1884వ సంవత్సరమున ఐర్లండు దేశమునందలి కౌంటీ డౌన్‌లో రైతుబిడ్డగా జన్మించెను. నాగలి లోతును హైడ్రాలికు శక్తిచే తనంతట సవరించు పద్ధతికి 1926లో పేటెంటు పొందెను. 1946 మొదలు 1956 వరకు ఇంగ్లండులోని కవెంట్రీలో తయారైన ఫెర్గుసన్ టీ.ఇ. 20 ట్రాక్టర్లు అయిదు లక్షలకు పైబడినవి. ఆ ట్రాక్టరునకు హైడ్రాలికు మీట ఒక్కటియే. అది డ్రాఫ్టు మీట, అనగా లాగుడు బరువును బట్టి పనిచేయునది.

దాని మర్మమిది. నేల గట్టిపడినపుడు నాగలి ముందుకు దొర్లజూచి, పైనుండు టాప్ లింకును ముందునకు నొక్కును. ఆ నొక్కుడు ఒక బలమైన స్ప్రింగును అదిమి, ఆయిలు త్రోవను తెరపించును. నాగలి ఇంచుక లేచును. దాని బరువు వెనుక చక్రములపై పడును. చక్రము జారక పట్టు చిక్కును. నేల మెత్తబడగానే నాగలి మరల దిగును.

1956లో వచ్చిన ఫెర్గుసన్ 35 ట్రాక్టరునకు రెండు మీటలు ఏర్పడినవి. అదియే పిమ్మట మాసీ ఫెర్గుసన్ 35 అని పిలువబడెను. మద్రాసులో 1960లో స్థాపింపబడిన టాఫే కంపెనీ ఆ వంశపు ట్రాక్టర్లను మనదేశములో తయారుచేసెను. మన పల్లెలలో కనబడు 1035 అందలిదే. ఈ రెండు మీటలలో ఒకటి డ్రాఫ్టు మీట. రెండవది పొజిషను మీట, అనగా పనిముట్టును కోరిన యెత్తున నిలుపునది. దుక్కి నాగలికి డ్రాఫ్టు మీట తగినది. చదును చేయు బ్లేడునకు, రోటవేటరునకు పొజిషను మీట తగినది. ఒకదానికి బదులు మరియొకటి వాడినచో దుక్కి ఒకచోట లోతు, ఒకచోట పైపైని తేలుట, చక్రములు జారి డీజిలు వృథాయగుట సంభవించును.

పరీక్షించు విధము

పండును చూచి చెట్టును గుర్తించినట్లే, పనిని చూచి మీటను గుర్తింపవలెను.

1. ట్రాక్టరును సమమైన నేలపై నిలిపి, బ్రేకు బిగించి, గేరును న్యూట్రలున నుంచవలెను. వెనుకను, ప్రక్కలను ఎవ్వరును నిలువరాదు. పిల్లలను దూరముగా పంపవలెను.

2. తేలికయైన గొర్రు వంటి పనిముట్టునొకదానిని తగిలింపవలెను. వట్టి చేతులకు బరువు చాలక అవి దిగకపోవచ్చును. దానిని యంత్రదోషమని భ్రమపడరాదు.

3. ఇంజను నెమ్మదిగా నడుచుచుండగా, పీఠముపై కూర్చుండియే ఒక్క మీటను మాత్రము కొద్దికొద్దిగా కదల్పవలెను. మీటను సగము జరిపినపుడు చేతులును సగము లేచి అచ్చటనే నిలిచినచో అది పొజిషను మీట. సగమున నిలువక పూర్తిగా పైకో, పూర్తిగా క్రిందికో పోవుచున్నచో అది డ్రాఫ్టు మీట. ఏలయనగా నేల ఒత్తిడి లేనిదే దానికి నడుమ నిలుపుదల తెలియదు.

4. రెండు మీటలున్నపుడు ఒకదాని స్థానము రెండవదాని పనిని మార్చగలదు. కావున రెండవదానిని ఒకమారు పైకొనను, ఒకమారు క్రిందికొనను ఉంచి పరీక్షను మరల చేయవలెను.

5. తుదకు పొలములో నాగలితో సరిచూడవలెను. గట్టినేల తగిలినపుడు నాగలి తనంతట నించుక లేచినచో డ్రాఫ్టు మీట పనిచేయుచున్నదని నిశ్చయింపవచ్చును.

మఱికొన్ని గుర్తులు

35 వంశపు ట్రాక్టర్లలో పొజిషను మీట త్రోవలోనే 'రెస్పాన్సు' అను భాగము కలదు. అచ్చట మీటను జరిపినకొలది పనిముట్టు దిగు వేగము హెచ్చును, తగ్గును. అదే త్రోవలో 'కాన్‌స్టంటు పంపింగు' అను స్థానమును కలదు. అందు పంపు ఎడతెగక ఆయిలును నెట్టుచుండును. అది ట్రాలీని ఎత్తి కుమ్మరించు సిలిండరు వంటి బయటి పనులకు ఉద్దేశింపబడినది. అట్టిది తగిలింపకుండ మీటను అచ్చట ఉంచినచో ఆయిలు అదనపు ఒత్తిడి కవాటము గుండ వెడలుచు కీచుమని మ్రోగును, వేడెక్కును. ఆ ధ్వని వినబడినంతనే మీటను వెనుకకు తీయవలెను.

టీ.ఇ. 20లో ఎడమవైపున పి.టి.ఓ. మీట కలదు. దానిని వేయనిదే హైడ్రాలికు పంపు తిరుగదు. క్లచ్చి నొక్కినపుడును పంపు ఆగును. ఈ సంగతి తెలియక, నాగలి లేవలేదని పంపును విప్పించి రూకలు పోగొట్టుకొనుట తగదు.

ఈ ట్రాక్టర్లలో గేరుపెట్టెకును హైడ్రాలికునకును ఆయిలు ఒక్కటియే. ఆయిలు తగ్గినను, నీరు చేరి పాలవలె తెల్లబడినను రెండును చెడును. కావున మీటను నిందించుటకు పూర్వము ఆయిలును చూడవలెను. గొట్టములలో సన్నని చిల్లు పడినదని అనుమానము తోచినపుడు చేతితో తడిమి చూడరాదు. ఒత్తిడితో చిమ్ము ఆయిలు చర్మమును చీల్చి లోపలికి దూరగలదు; పైకి సూదిపోటంత గాయమే కనబడినను, తక్షణము ఆసుపత్రికి పోనిచో వేలు, చేయి పోవు ప్రమాదము కలదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూచుట క్షేమము.

సంఘము చేయదగిన పని

స్వంత ట్రాక్టరునకు ఒక్కడే డ్రైవరు. సంఘము తరపున అద్దెకు తిరుగు ట్రాక్టరును ఈ దినమొకడు, రేపు మరియొకడు నడుపును. ఒకడు కష్టపడి తెలిసికొనినది రెండవవానికి అందనిచో ఆ తెలివి వ్యర్థము. కావున పరీక్ష ముగిసిన దినముననే ప్రతి మీట యొద్దను తెలుగు అక్షరములతో 'లోతు', 'ఎత్తు', 'పి.టి.ఓ.' అని చెరగని రంగుతో వ్రాయింపవలెను. ఏ పనిముట్టునకు ఏ మీట వాడవలెనో ఒక రేకుపై వ్రాయించి మడ్‌గార్డునకు బిగింపవలెను. యంత్రమును దిగిపోవునపుడు పనిముట్టును నేలపై దించి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసికొనుట ప్రతి డ్రైవరునకు నియమముగా నుండవలెను. దీనికి పట్టు వ్యయము రంగుడబ్బా వెల, ఒక పూట శ్రమ మాత్రమే. సంఘసభ్యులు రాబోవు దుక్కి కాలమునకు ముందే ఈ పనిని ముగింతురని ఆశించుచున్నాము.