ఏ ఉత్తరం సొరంగంలోకి?

మీ కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్ళే సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి ప్రయాణం చేస్తుంది. ఒక్కొక్క ప్యాకెట్ మీద, ఉత్తరం మీద ఉన్నట్లే, చేరవలసిన చిరునామా ఉంటుంది. దారిలో ఉన్నవాళ్ళందరూ దాన్ని చదవగలరు. చదవకపోతే ఎటు పంపాలో వాళ్ళకెలా తెలుస్తుంది?

చిరునామా కూడా కనబడకూడదనుకుంటే ఒక ఉపాయం ఉంది. ఆ ఉత్తరాన్ని కవరుతో సహా మరో పెద్ద కవరులో పెట్టి, నమ్మకమైన మధ్యవర్తికి పంపాలి. ఆయన పై కవరు చింపి, లోపలిదాన్ని తన పేరుతో పంపుతాడు. వీపీఎన్ చేసే పని ఇదే. లోపలి కవరును రహస్యలిపిలోకి మార్చి మరీ పెడుతుంది కనుక, దారిలో ఎవరు చింపినా బోధపడదు. దీన్నే సొరంగం అంటారు గాని, అక్కడ సొరంగమూ లేదు, వేరే తీగా లేదు!

మన కంప్యూటర్‌లో ఉండి ఈ కవర్లు అంటించే ప్రోగ్రామును క్లయింట్ అంటారు. ఉదాహరణకు వైర్‌గార్డ్‌ను తీసుకుందాం. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ ప్రోగ్రాము 2020లో లినక్స్‌లో భాగమైంది. విండోస్ కంప్యూటర్‌లో దీని ‘ఎడిట్’ మీటను నొక్కితే పట్టుమని పది పన్నెండు వరుసలు కనిపిస్తాయి. సెట్టింగులంటే అవే.

వాటిలో అసలైన వరుస ‘అలౌడ్ ఐపీస్’. ఏ చిరునామాల ఉత్తరాలు పెద్ద కవరులోకి వెళ్ళాలో అది చెబుతుంది. అక్కడ 0.0.0.0/0 అని ఉందనుకోండి. చిరునామాలో 32 బిట్లుంటాయి. గీత తరువాతి అంకె, ఎడమవైపు నుంచి ఎన్ని బిట్లు సరిపోలాలో తెలుపుతుంది. సున్న అంటే ఏదీ సరిపోలనక్కరలేదు, అంటే అన్నీ సొరంగంలోకే. దాన్ని 10.0.0.0/8 అని మారిస్తే? 10తో మొదలయ్యే 1,67,77,216 చిరునామాలకు వెళ్ళేవి మాత్రమే కవరులో పడతాయి, మిగతావి ఎప్పటిలా బహిరంగంగా పోతాయి. ఆఫీసు కంప్యూటర్లను మాత్రమే చేరాలనుకునేవారికి ఇది చాలా మేలు. కాని అన్నీ దాగుతున్నాయని నమ్మినవారి సంగతి ఏమిటి? తెర మీద ‘యాక్టివ్’ అనే మాట రెండు సందర్భాల్లోనూ ఒకేలా వెలుగుతుంది!

కొత్తరకం చిరునామాలు, అంటే ఐపీవీ6, ఈ లెక్కలోకి రావు. వాటికి ::/0 అని వేరుగా రాయాలి.

ఇంకొక చిల్లు ఉంది. వెబ్‌సైటు పేరు టైపు చేయగానే, దాని చిరునామా ఏమిటని కంప్యూటర్ ఎవరినో ఒకరిని అడగాలి. ‘డీఎన్‌ఎస్’ వరుస ఖాళీగా ఉంటే అది మీ ఇంటి రౌటర్‌నే అడగవచ్చు. ఉత్తరం దాచి, ఎవరికి రాస్తున్నామో వీధిలో అరిచి చెప్పినట్లే కదూ!

సొరంగం మధ్యలో తెగితే? కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా పాత దారి పట్టవచ్చు. అందుకే 0.0.0.0/0 రాసినప్పుడు, సొరంగం బయటి రాకపోకలను ఆపే గడి ఒకటి కింద కనబడుతుంది. దాన్ని టిక్కు పెట్టి ఉంచడమే మంచిది.

ఇక మధ్యవర్తి మాట. పై కవరు చింపేది ఆయనే కనుక, ఇంతకు ముందు ఇంటర్నెట్ కంపెనీకి తెలిసేదంతా ఇప్పుడు ఆయనకు తెలుస్తుంది. ఉచితంగా ఇస్తున్నాడంటే కాస్త ఆలోచించవలసిందే. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సంస్థ, వీపీఎన్ కంపెనీలు చందాదారుల పేరు, చిరునామా వంటి వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచాలని ఆదేశించింది.

సెట్టింగులు మార్చేముందు పాత వరుసలను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ‘ప్రైవేట్ కీ’ వరుసను మాత్రం ముట్టుకోకండి. అందులోని 44 అక్షరాలే మీ తాళంచెవి. సాయం కోసం ఆ తెరను ఫోటో తీసి ఎవరికైనా పంపేటప్పుడు ఆ వరుస కనబడకుండా చూడండి. ఒకసారి బయటపడితే కొత్త తాళంచెవి తయారు చేసుకోవడమే మార్గం.