మచ్చు ఒకటి, సరుకు ఒకటి

గుంటూరు మిర్చియార్డుకు పోయిన రైతుకు మచ్చు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. టిక్కీ మూతి విప్పుతారు. గుప్పెడు కాయ బయటికి తీస్తారు. కొనేవాడు రంగు చూస్తాడు. కాయ విరిచి చూస్తాడు. తేమ ఉందా, తాలు కలిసిందా అని చూస్తాడు. అడుగున ఉన్న కాయ కూడా లాగి చూస్తాడు. ఎందుకని? పైన మంచి కాయ, కింద తాలు కాయ పెట్టిన టిక్కీలు కూడా వస్తాయి గనక. మచ్చు ఒకలాగా, సరుకు ఇంకోలాగా ఉంటే బేరం అక్కడితో ఆగిపోతుంది.

రైతు అమ్మేటప్పుడు ఇంత పరీక్ష. మరి రైతు కొనేటప్పుడు? విత్తనాల ప్యాకెట్టు విప్పి చూడనివ్వరు. పురుగుమందు డబ్బా మూత తీయనివ్వరు. కంప్యూటరు సామాను సంగతీ అంతే. డబ్బా మీద పేరు చూడాలి, ధర చూడాలి, డబ్బు కట్టాలి. లోపల ఏముందో వాడాక గాని తెలియదు.

అట్లాంటి సామాను ఒకటి ఇప్పుడు పల్లెల్లోకి కూడా వచ్చింది. దాని పేరు ఎస్సెస్డీ.

ఎస్సెస్డీతో పల్లెకేం పని?

ఒక ఊళ్ళో ఒకామె నెట్ సెంటరు నడుపుతోంది అనుకుందాం. డ్వాక్రా అప్పుతో పెట్టుకుంది. పాసుపుస్తకం జిరాక్సు కావాలన్నా, ఆధార్ ప్రింటు కావాలన్నా, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తు పంపాలన్నా ఊరివాళ్ళు ఆమె దగ్గరికే పోతారు. ఆ కాగితాలన్నీ ఆమె కంప్యూటర్లో ఉంటాయి. గ్రూపు లెక్కలు కూడా అందులోనే.

కంప్యూటరు పాతదైంది. పొద్దున మీట నొక్కితే తెర వెలగడానికి పది నిమిషాలు. జనం అరుగు మీద కూర్చుని విసుక్కుంటున్నారు. బాగుచేసే కుర్రాడు వచ్చి చూశాడు.

"హార్డుడిస్కు ముసలిదైపోయిందక్కా. తీసేసి ఎస్సెస్డీ వేద్దాం. కొత్తదానిలా పరిగెత్తుతుంది" అన్నాడు.

"ఎంతవుతుంది తమ్ముడూ?"

"రకాలున్నాయి. చవకది వెయ్యమంటావా, మంచిది వెయ్యమంటావా?"

ఆమె చవకదే వెయ్యమంది. ఎవరైనా అదే అంటారు. అందులో తప్పేమీ లేదు. కుర్రాడు చెప్పింది కూడా నిజమే. పాత కంప్యూటరుకు ఎస్సెస్డీ వేస్తే, చవకదైనా సరే, తేడా వెంటనే తెలుస్తుంది. పది నిమిషాల పని అర నిమిషంలో అవుతుంది. చిక్కు అక్కడ లేదు. చవక రకాల్లో ఏది మంచి సరుకో, ఏది తాలో తెలుసుకోవడంలో ఉంది.

కోల్డు స్టోరేజీ లెక్క

కంప్యూటరులో కాగితాలు, ఫొటోలు దాచే చోటు హార్డుడిస్కు. దాని లోపల గుండ్రటి బిళ్ళలు ఉంటాయి. అవి నిమిషానికి 5,400 సార్లు, కొన్నింటిలో 7,200 సార్లు తిరుగుతాయి. వాటిపైన సూది లాంటిది ఇటూ అటూ కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. కావలసిన చోటికి సూది పోవాలి, బిళ్ళ తిరిగి రావాలి. ఆలస్యమంతా అందులోనే.

ఎస్సెస్డీలో తిరిగేది ఏదీ లేదు. అన్నీ చిప్పులే. ఒక్కో చిప్పులో కంటికి కనబడని గదులు కోట్ల కొద్దీ ఉంటాయి. వాటిలో కరెంటు చుక్కను బంధించి పెడతారు. మీట ఆపినా అది అందులో నిలిచే ఉంటుంది. ఈ రకం చిప్పును 1980లలో జపాన్‌లోని తోషిబా కంపెనీలో ఫుజియో మసువోకా అనే ఇంజనీరు కనిపెట్టాడు. 1991లో అమెరికాలో శాన్‌డిస్క్ కంపెనీ ఇట్లాంటి చిప్పులతో ఎస్సెస్డీ చేసి అమ్మింది. అందులో పట్టేది 20 ఎంబీ. ఇప్పటి సెల్‌ఫోను ఫొటోలు పది పడితే గొప్ప. దాని ధర మాత్రం వెయ్యి డాలర్లు! ఇప్పుడు దానికి వేలరెట్లు పట్టే సామాను పల్లె నెట్ సెంటరుకు వచ్చింది.

అయితే చవక ఎస్సెస్డీ చవక ఎందుకైంది? గుంటూరు చుట్టుపక్కల మిర్చి దాచే కోల్డు స్టోరేజీలను తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి సంగతి గదులు. తొలిరోజుల్లో ఒక్కో గదిలో ఒక్కటే అంకె దాచేవారు. తర్వాత రెండు, మూడు, ఇప్పుడు నాలుగు కూడా కుక్కుతున్నారు. గదులు పెరగవు, సరుకు పెరుగుతుంది. అందుకే ధర తగ్గుతుంది. కానీ కుక్కిన గదిలోంచి ఒక టిక్కీ తియ్యాలంటే ఎంత అవస్థ! రాయడం నెమ్మది అవుతుంది. గది తొందరగా అరుగుతుంది కూడా.

రెండో సంగతి గుమాస్తా పుస్తకం. ఏ రైతు సరుకు ఏ గదిలో ఉందో రాసుకునే పుస్తకం అన్నమాట. ఖరీదైన వాటిలో దీనికోసం వేరే చిప్పు ఉంటుంది. చవక వాటిలో ఆ చిప్పు తీసేస్తారు.

మూడోది వరండా. లారీ రాగానే సరుకును ముందు వరండాలో దించేస్తారు. అది చకచకా సాగుతుంది. వరండా నిండాక ఒక్కో టిక్కీని లోపలికి మోస్తేగాని తర్వాతి లారీకి చోటు దొరకదు. చవక ఎస్సెస్డీ కూడా ఇంతే. మొదట కొంత సరుకును గబగబా దించుకుంటుంది. ఆపైన ఒక్కసారిగా నడక మందగిస్తుంది. పెళ్ళి వీడియో ఎక్కించేవాళ్ళు "మొదట గుర్రంలా పోయింది, తర్వాత ఎద్దుబండి అయింది" అని గోల పెట్టేది ఇక్కడే. ఇది చెడిపోవడం కాదు. ఆ రకం స్వభావమే అంత. చిన్న చిన్న కాగితాలు దాచుకునే నెట్ సెంటరుకు దీనివల్ల పెద్ద ఇబ్బంది రాదు.

పేరు మారలేదు, చిప్పు మారింది

ఇక్కడిదాకా మోసమేమీ లేదు. చవక గనక కొంచెం నెమ్మది. కొనేవాడు ఒప్పుకునే బేరమే. కానీ 2013, 2014 సంవత్సరాల్లో వేరే సంగతి ఒకటి జరిగింది.

అమెరికా కంపెనీ కింగ్‌స్టన్ అప్పట్లో వి300 అనే చవక ఎస్సెస్డీ అమ్మేది. పత్రికలవాళ్ళు దాన్ని పరీక్షించి, ధరకు తగ్గ సరుకేనని రాశారు. అది చదివి జనం కొన్నారు. కొన్నాళ్ళకు కొందరికి అనుమానం వచ్చింది. పత్రికలో రాసిన వేగం తమ ఇంట్లో రావడంలేదు. వాళ్ళు ఒకరితో ఒకరు లెక్కలు పోల్చి చూసుకున్నారు. 2014 ఫిబ్రవరిలో ఆనంద్‌టెక్ అనే కంప్యూటర్ల పత్రిక ఆ సంగతి పరీక్షించి బయటపెట్టింది. మొదట అమ్మిన వాటిలో తోషిబా చిప్పులు ఉన్నాయి. తర్వాత వచ్చిన వాటిలో మైక్రాన్ కంపెనీ చిప్పులు, అవీ నెమ్మది రకానివి. డబ్బా అదే. పేరు అదే. లోపల సరుకు మాత్రం మారింది. మచ్చు ఒకటి, సరుకు ఒకటి.

డబ్బా మీద రాసిన వేగం వస్తూనే ఉంది గదా అని కంపెనీ జవాబు. అదీ పూర్తిగా అబద్ధం కాదు. ఇక్కడే ఒక కిటుకు ఉంది. పత్తి పండించేవాళ్ళకు అది వెంటనే బోధపడుతుంది. దూదిని మిషనులో నొక్కితే గది నిండా ఉన్నది ఒక బేలు అవుతుంది. రాయిని నొక్కితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఈ వి300 సమాచారాన్ని నొక్కి, చిన్నది చేసి దాస్తుంది. దూది లాంటి సమాచారం ఇచ్చి కొలిస్తే డబ్బా మీది వేగం వస్తుంది. ఫొటోలు, వీడియోలు రాళ్ళ లాంటివి. వాటిని ముందే నొక్కేసి ఉంటారు. అవి ఎక్కిస్తే అసలు వేగం బయటపడుతుంది. ఇళ్ళలో జనం దాచుకునేవి ఎక్కువగా ఫొటోలు, వీడియోలే గదా!

ఇట్లాంటిదే మళ్ళీ 2021లో జరిగింది. క్రూషియల్ కంపెనీ పి2 రకంలోను, వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ఎస్ఎన్550 రకంలోను పేరు మార్చకుండా చిప్పులు మార్చారని పరీక్షించినవాళ్ళు పట్టుకున్నారు. ఇకమీదట రాసిచ్చిన లెక్కలు మారే మార్పు చేస్తే పేరు కూడా మారుస్తామని వెస్టర్న్ డిజిటల్ ఆ ఏడాది ఆగస్టులో మాట ఇచ్చింది. ఎక్కడో ఇళ్ళలో కూర్చుని కొలిచి, రాసి, అడిగినందువల్లే ఇవన్నీ బయటికి వచ్చాయి. అడగకపోతే ఎవరు చెబుతారు?

అసలు మోసం

పై కంపెనీల సరుకు నెమ్మదైనా నిజమైన సరుకే. ఇంకో రకం ఉంది. అది నిలువునా ముంచేది.

2022లో అమెరికాలో 30 టీబీ ఎస్సెస్డీ అంటూ ఒకటి 39 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. విప్పి చూస్తే లోపల సెల్‌ఫోనుకు వేసే చిన్న మెమరీ కార్డులు రెండు జిగురుతో అంటించి ఉన్నాయి. కంప్యూటరుకు తగిలిస్తే మాత్రం 30 టీబీ అనే చూపిస్తుంది. అట్లా అబద్ధం చెప్పేలా దాన్ని తయారుచేశారు. ఫొటోలు ఎక్కిస్తే ఎక్కినట్టే ఉంటుంది. పేర్లు వరసగా కనబడతాయి. కానీ చోటు నిండాక కొత్తవి పాతవాటి మీదే పడతాయి. తెరిస్తే తెరుచుకోవు. నెట్ సెంటరు ఆమె ఇట్లాంటిదాంట్లో ఊరివాళ్ళ కాగితాలు దాచిందంటే, పోయిన సంగతి అవసరం పడ్డ రోజుదాకా తెలియదు.

దీనికి పరీక్ష ఉంది. కొన్న రోజే, ఏమీ దాచకముందే, మొదటినుంచి చివరిదాకా నింపి, మళ్ళీ చదివి చూడాలి. హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యు, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి. కొన్ని గంటలు పట్టవచ్చు. పట్టనివ్వాలి. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అని ఇంకొకటి ఉంది. అది లారీ మీటరు లాంటిది. ఈ ఎస్సెస్డీ ఇదివరకు ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. కొత్తదని అమ్మినది వేల గంటలు నడిచి ఉంటే పాతది తుడిచి అంటగట్టారన్నమాట. బాగుచేసే కుర్రాడికి ఇవన్నీ తెలిసినవే. అడిగితే చేసి చూపిస్తాడు. ఎదుటే కూర్చుని చేయించుకోవాలి.

ఒక సంగతిలో మాత్రం జనం ఊరికే అనుమానపడతారు. 240 జీబీ అని కొంటే కంప్యూటరు 223 అని చూపిస్తుంది. పదిహేడు ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. కంపెనీ ఒక మానికతో కొలుస్తుంది, కంప్యూటరు దానికన్నా కొంచెం పెద్ద మానికతో కొలుస్తుంది. సరుకు అంతే ఉంది.

ఎన్నాళ్ళు వస్తుంది?

ఎంత రాస్తే అరుగుతుందో కంపెనీ కాగితం మీద ఉంటుంది. 240 జీబీ చవక రకాలకు 80 టీబీ అని రాయడం ఉంది. అంటే 80,000 జీబీ. రోజుకు 20 జీబీ రాసినా 4,000 రోజులు, పదేళ్ళ పైమాట. నెట్ సెంటరులో రోజుకు అంత రాయరు. కనుక అరిగిపోతుందనే భయం పెద్దగా అక్కర్లేదు.

భయపడవలసింది ఉన్నట్టుండి పోవడం గురించి. హార్డుడిస్కు పోయేముందు చాలాసార్లు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది. ముసలాయన దగ్గినట్టు. ఎస్సెస్డీ నోరు లేనిది. రాత్రి బాగానే ఉంటుంది, పొద్దున లేవదు. మంచి కంపెనీదైనా ఇట్లా జరగవచ్చు. కరెంటు తగిలించకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టినా లోపల దాచినది చెరిగిపోయే వీలుంది. అందుకని అవసరమైన కాగితాలు రెండు చోట్ల ఉండాలి.

రెండో చోటు కోసం కొత్త ఖర్చు కూడా అక్కర్లేదు. తీసేసిన పాత హార్డుడిస్కు ఉంది గదా! నెమ్మదైనా పనిచేస్తుంటే దానికి చిన్న డబ్బా ఒకటి కొని బిగిస్తే, వారానికోసారి నకలు తీసి పెట్టుకోవచ్చు. చాలామంది దాన్ని కుర్రాడికే వదిలేసి వస్తారు. అందులో ఊరివాళ్ళ ఆధార్ కాగితాలు ఉన్నాయన్న సంగతి గుర్తుండదు.

బిల్లు

పత్తి విత్తనాలు కొన్నప్పుడు బిల్లు, ఖాళీ ప్యాకెట్టు పంట చేతికొచ్చేదాకా దాచమని వ్యవసాయాధికారులు చెబుతారు. మొలవకపోతే, కాయ కాయకపోతే ఆ లాటు నెంబరే ఆధారం. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి పోవచ్చునని 2012లో ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఎస్సెస్డీకీ అదే దారి. బిల్లు మీద కంపెనీ పేరు, రకం పేరు, సీరియల్ నెంబరు రాయించాలి. చాలా వాటికి మూడేళ్ళ వారంటీ ఉంటుంది. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే ఆ మూడేళ్ళను అమ్ముకున్నట్టే. కొట్టువాడు, కంపెనీ పలకకపోతే 1915 నెంబరుకు ఫోను చెయ్యవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనూ చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జూలైలో అమలుకొచ్చిన కొత్త చట్టం ప్రకారం వస్తువు ఎక్కడ కొన్నా, తాము ఉండే జిల్లాలోనే కేసు వెయ్యవచ్చు. ఐదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. వకీలు లేకపోయినా సరే. రెండేళ్ళలోపు వెయ్యాలి. నెట్ సెంటరు వ్యాపారం గదా, నీకు వర్తించదు అంటారేమో! బతుకుదెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాళ్ళను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

ఇంకొక్క మాట బిల్లు గురించే. మిషనులోంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. వారంటీ మూడేళ్ళు ఉంటుంది, బిల్లు మూడు వానలు కూడా నిలవదు. నెట్ సెంటరు ఆమెకు జిరాక్సు మిషను ఇంట్లోనే ఉంది. రెండు కాపీలు తీసి, ఒకటి పత్తి విత్తనాల బిల్లు ఉన్న కవరులో పెట్టుకుంది.