ఫొటోలో అమ్మ ఎక్కడ?

తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని ఏదైనా పాత ఇంటికి వెళ్ళినప్పుడు హాలులో గోడవంక చూడండి. కుర్చీలో తాతగారు దర్జాగా కూర్చుని వుంటారు. ఆ కుర్చీమీద చెయ్యి వేసి, కళ్ళు పెద్దవి చేసుకుని, మామ్మగారు నిలబడి వుంటారు. ఎలా నిలబడాలో చెప్పినవాడు ఫొటోగ్రాఫరు. ఏ చీర కట్టాలో చెప్పినావిడ అత్తగారు. ఇక మామ్మగారి ఇష్టం ఆ ఫొటోలో ఏ మూల వున్నదో!

ఈ ప్రశ్ననే పట్టుకుని ఫొటోలు తీసుకున్న స్త్రీలు వున్నారు. అమెరికాలో సిండీ షెర్మన్ 1977 మొదలు 1980 వరకు సినిమాలలోని ఆడవాళ్ళ తీరున తానే వేషాలు వేసుకుని, తన ఫొటోలు తానే తయారుచేసుకున్నది. ఒక దానిలో ఆమె వంటగదిలో నిలబడ్డ గృహిణి. మన పొరుగున బెంగుళూరులో ఎన్. పుష్పమాల 2000–2004 మధ్య, క్లేర్ ఆర్ని అనే ఫొటోగ్రాఫరుతో కలిసి చేసిన ఫొటోలలో, రవివర్మ గీసిన లక్ష్మీదేవిగా తానే నిలబడింది. మన పూజగదులలోని లక్ష్మియే! ఇల్లాలిని ఇంటి లక్ష్మి అంటాము గదా. అలా చిరునవ్వుతో రోజల్లా నిలబడితే కాళ్ళు నొప్పి పుట్టవా అన్న అనుమానం ఆ ఫొటో చూస్తే కలుగుతుంది.

ఈ అనుమానం మన ప్రాంతానికి కొత్త కాదు. కెమేరా లేకపోతేనేం, కలం వున్నది. బాపట్లలో 1896లో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1928లో 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' ప్రారంభించారు. శారద అనే ఇల్లాలు తన స్నేహితురాలికి వ్రాసే ఉత్తరాలు అవి. ఇంటి కబుర్లతోపాటు స్త్రీ విద్య, బాల్యవివాహాలు వాటిలో చర్చకు వచ్చేవి. ఇంట్లో వున్న ఇల్లాలికి లోకం ఎలా కనిపిస్తున్నదో ఆ ఇల్లాలి చేతనే చెప్పించారు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు.

ఈనాడు కెమేరా ఫోనులోనే వున్నది. అయినా పండుగనాడు అందరి ఫొటో అయ్యాక, చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేది అమ్మే. అందరూ తిన్న బూరెలకు ఫొటో వుంటుంది. వండిన మనిషికి వుండదు.

అమ్మా, ఒక్కసారి మీ ఫొటో మీరు తీసుకోండి. పట్టుచీర అక్కరలేదు. చేతికి పిండి అంటి వుంటే ఫోను మనుమరాలిని పట్టుకోమనండి. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నొక్కాలో మాత్రం మీరే చెప్పండి.