చౌక టీకా – సూక్ష్మజీవుల సేవ

నర్సీపట్నంలో ఏ ఇల్లాలైనా రాత్రి పాలకు తోడు వేసి నిద్రిస్తుంది. తెల్లవారేసరికి పెరుగు సిద్ధమౌతుంది. ఆ పని చేసినవి కంటికి కానరాని బాక్టీరియాలు. అవి కూలి అడుగవు. కొద్దిపాటి ఆహారము, తగిన వేడిమి ఉంటే చాలును. ఇట్టి సేవకులచేతనే టీకాలు కూడ చేయించవచ్చునా? చేయించవచ్చును. అయితే పనికి తగిన సేవకుని ఎన్నుకోవలసి ఉన్నది.

టీకాకు వైరస్ మొత్తము అవసరం లేదు. జాగిలానికి దొంగను పట్టి ఇవ్వనక్కరలేదు. వాని చొక్కా వాసన చూపితే చాలును. అట్లే వైరస్ పైపొరలోని ఒక్క మాంసకృత్తును చూపితే, శరీరం దానిని గుర్తుంచుకొని ప్రతిరక్షకాలను సిద్ధం చేసుకొంటుంది. ఆ మాంసకృత్తును నిర్మించే జన్యువును ఇ. కోలై అనే బాక్టీరియాలో ప్రవేశపెడతారు. అనుకూల పరిస్థితులలో అది సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపౌతుంది గనుక, మాంసకృత్తు తక్కువ ఖర్చుతో రాసులుగా లభిస్తుంది.

కాని రాశి ఒక్కటే చాలదు, రూపమూ కుదరాలి. బాక్టీరియాలో మాంసకృత్తు ఒక్కొక్కప్పుడు సరిగా మడతపడక ముద్దకడుతుంది. చైనాలో 2011లో అనుమతి పొందిన హెపటైటిస్-ఇ టీకా, 2019లో అనుమతి పొందిన గర్భాశయముఖ కాన్సరు నివారణ టీకా ఇ. కోలైతో చేసినవే. హెపటైటిస్-బి మాంసకృత్తు మాత్రం అందులో తగిన రూపం పొందలేదు. దానికి కల్లును పులియబెట్టే ఈస్టుల బంధువర్గమే తోడ్పడినది.

హైదరాబాదులో 1993లో శ్రీ కె. ఐ. వరప్రసాదరెడ్డి తమ తల్లిగారి పేర స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్, పికియా అనే ఈస్టుతో 1997లో హెపటైటిస్-బి టీకాను తయారుచేసి విడుదల చేసినది. దిగుమతి టీకా ఒక్క మోతాదు వందలాది రూపాయలు పలుకుతున్న ఆ దినాలలో దీని వెల 50 రూపాయలు. పేదవాని గడప దాటని టీకా ఎంత గొప్పదైనా ఏమి ప్రయోజనము?

2011 నాటికి ఈ టీకా దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో చేరి, శిశువులకు ఉచితమైనది. పుట్టుకతో ఈ వ్యాధి సోకిన శిశువులలో నూటికి సుమారు 90 మందికి అది దీర్ఘకాలం నిలిచిపోతుంది; తరువాత కాలేయాన్ని పాడుచేయవచ్చును. అందుచేత మొదటి మోతాదు పుట్టిన 24 గంటలలోపల పడవలెను. నర్సీపట్నం నుండి చింతపల్లి కొండదారి ఎక్కితే కనిపించే గూడెములలో ఇంటివద్ద పుట్టిన బిడ్డకైనా ఈ గడువే వర్తిస్తుంది. సూక్ష్మజీవి తన సేవ తాను చేసినది. సకాలంలో బిడ్డను టీకా వద్దకు చేర్చే సేవ మనది.