ఆకు మీది ‘మొసలి పిల్ల’ మన పార్టీనే!

పోయిన ఆగస్టులో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఆదోని దగ్గర మా ఊరికి వెళ్లా. ఓ పొద్దున నాయన పత్తి చేలోంచి ఆకు తెంపుకొచ్చాడు. అడుగున పేనుబంక. దాని మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో, ఒళ్లంతా ముళ్లతో ఓ పురుగు. అచ్చం బుల్లి మొసలి పిల్ల!

"ఏదో కొత్త పురుగు పడిందిరా. రేపే మందు కొట్టాల" అన్నాడు.

సేద్యం నాకు పెద్దగా రాదు. బొమ్మలు మాత్రం వేస్తా. "ఓ వారం ఆగు నాయనా" అన్నా. "నేనాగితే పురుగు ఆగుతాదా?" అని గొణిగాడు కానీ, ఆగాడు.

బొమ్మ చెప్పిన నిజం

పురుగును ఆకుతో సహా గాజు సీసాలో పెట్టి రోజూ బొమ్మ వేశా. ఫొటో అయితే క్లిక్ కొట్టి మర్చిపోతాం. బొమ్మ వేయాలంటే కాళ్లు లెక్కపెట్టాలి, నోట్లో ఏముందో చూడాలి. ఆ నోట్లో ఉన్నది పత్తాకు కాదు, పేనుబంక! మూడో రోజు ఆకుకు అతుక్కుని కదలడం మానేసింది. ఏడో రోజు ఆ గూడు పగిలి, మచ్చల్లేని లేత పసుపు పురుగు బయటికొచ్చింది. కొన్ని గంటల్లో వీపు మీద నల్లటి వంకర గీతలు తేలాయి.

నాయన కళ్లు పెద్దవయ్యాయి. "ఇది అక్షింతల పురుగు కదరా! దాని పిల్లా ఇది?"

పెద్దయ్యాక ముద్దొచ్చే పురుగునే, చిన్నప్పుడు గుర్తుపట్టక చంపేస్తున్నాం.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. పురుగులు బురదలోంచి పుడతాయని చాలామంది నమ్మిన కాలంలోనే, మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి గొంగళిపురుగుల్ని పెంచి, గుడ్డు నుంచి రెక్కల దాకా అవి తినే మొక్కతో కలిపి ఒకే బొమ్మలో చూపించింది. 1699లో యాభై రెండేళ్ల వయసులో సురినామ్‌కు ఓడెక్కింది. ఆ బొమ్మల పుస్తకం 1705లో వచ్చింది.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా మామకు నా బొమ్మలు చూపించా. ఆ వంకర గీతలనే చూస్తూ "చీర అంచుకు భలే ఉంటుంది అల్లుడూ" అన్నాడు. నిజానికి ఆ రంగులు ‘నేను చేదు, తినొద్దు’ అని పిట్టలకు పెట్టిన బోర్డు.

అలాగని అక్షింతల పురుగు అన్నిటికీ మందు కాదు. కాయలో దాక్కునే గులాబీ రంగు పురుగు జోలికి అది పోలేదు. దానికి లింగాకర్షక బుట్టలు, వేరే జాగ్రత్తలు కావాల్సిందే. కానీ పేనుబంక కనిపించగానే డబ్బా భుజానికెత్తితే, దాన్ని తినే పురుగునూ మనమే చంపుకున్నట్టు.

ఆ వారం మా చేలో మందు కొట్టలేదు. బొమ్మల్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టా. వెంటనే ఒకాయన అడిగాడు: "ఇవి ఏ అంగట్లో దొరుకుతాయి? ఎంత?"

నాయనే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "కొనేదేం లేదప్పా. నీ చేలోనే ఉంటాయి. మందు కొట్టకముందు ఆకు తిప్పి చూడు."