ప్రింటు ఎప్పుడు ఆగిందో రాసి పెట్టుకోండి

అడంగల్ కాపీ కోసమో, అప్పు కాగితం కోసమో పల్లె నుంచి చల్లపల్లి వచ్చిన రైతుకు "ప్రింటు రావట్లేదు, రేపు రండి" అని చెబితే ఒక పూట పని పోయినట్టే. రోజుకు రెండుసార్లు ప్రింట్ సర్వర్ రీస్టార్ట్ చేసి నెట్టుకొచ్చే ఆఫీసుల్లో ఆ మాట రోజూ వినిపిస్తుంది. రీస్టార్ట్‌తో జబ్బు ఎందుకు పోదో తెలిస్తే సగం పని అయినట్టే.

మనం ప్రింటు నొక్కగానే విండోస్ సర్వర్‌లోని స్పూలర్ ఆ పత్రాన్ని మామూలుగా 2 ఫైళ్లుగా డిస్కు మీద దాస్తుంది. ఎస్‌పీఎల్ ఫైల్లో అచ్చు కావాల్సిన విషయం, ఎస్‌హెచ్‌డీ ఫైల్లో ఎవరు, ఏ ప్రింటర్‌కు పంపారన్న వివరాలు ఉంటాయి. వీటిలో ఒకటి పాడైతే, కాలవ వంతెన మీద ధాన్యం ట్రాక్టరు మొరాయించినట్టు వెనకవన్నీ ఆగిపోతాయి. రీస్టార్ట్ చేసినా ఫైళ్లు డిస్కు మీదే ఉంటాయి. స్పూలర్ లేవగానే వాటిని చదివి, పాడైన పత్రాన్నే మళ్లీ వరసలో నిలబెడుతుంది. అందుకని ముందు సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపాలి. సిస్టమ్32లో స్పూల్, దాని లోపల ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఫైళ్లు తీసేసి, ఫోల్డర్‌ను అలాగే ఉంచి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. వరసలో ఉన్న అందరి ప్రింట్లూ పోతాయి కాబట్టి ముందే అందరికీ చెప్పాలి.

పెద్ద ఫైలు వెళ్లినప్పుడే ఆగుతోందా? ఏ4 పేజీని 600 డీపీఐలో అచ్చు వేస్తే సుమారు 4,960 అడ్డం, 7,016 నిలువు, అంటే దాదాపు 3.48 కోట్ల చుక్కలు. నలుపు తెలుపులో కుదించకుండా పెడితే 4.3 ఎంబీ, రంగుల్లో 104 ఎంబీ. రంగుల్లో స్కాన్ చేసిన 20 పేజీల దస్తావేజు కుదించకపోతే 2 జీబీ దాటుతుంది. సీ డ్రైవ్‌లో ఖాళీ లేకపోతే స్పూలర్‌కు ఆ పత్రాన్ని పెట్టుకునే చోటే ఉండదు. కాబట్టి ముందు అక్కడ ఎంత ఖాళీ ఉందో చూడండి.

కరెంటు పోయి వచ్చాకే ఆగుతుంటే అనుమానం ప్రింటర్ అడ్రస్ మీద పెట్టుకోవాలి. రూటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ అద్దెకిచ్చినట్టే, దానికి గడువుంటుంది. ఇలా అడ్రస్‌లు ఇచ్చే విండోస్ డీహెచ్‌సీపీ సర్వర్‌లో అది మామూలుగా 8 రోజులు, చాలా చిన్న రూటర్లలో 1 రోజు. ప్రింటర్‌కు కొత్త అడ్రస్ వస్తే, సర్వర్ పాత అడ్రస్‌కే, ఎక్కువగా 9100 పోర్టుకు, పంపుతూ కూర్చుంటుంది. రూటర్‌లో ప్రింటర్ పేర ఒక అడ్రస్ రిజర్వ్ చేస్తే ఈ గొడవ తీరుతుంది. ప్రింటర్ బాగానే ఉన్నా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే, పోర్టు సెట్టింగుల్లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ టిక్కు తీసి చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే ఉంటుంది.

అప్‌డేట్ తర్వాత మొదలైన జబ్బు వేరు. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం బయటపడి, మైక్రోసాఫ్ట్ హడావుడిగా సవరణ విడుదల చేసింది. ఆగస్టు నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ హక్కు తప్పనిసరైంది. సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత, చివర 11బి ఉండే ఎర్రర్‌తో ఎన్నో ఆఫీసుల్లో షేర్డ్ ప్రింటర్లు పనిచేయలేదు. రిజిస్ట్రీలో ఆ అప్‌డేట్ పెట్టిన రక్షణను ఆపేస్తే ప్రింటు వస్తుంది గానీ, తలుపు తెరిచి పెట్టినట్టే. సర్వర్‌నూ కంప్యూటర్లనూ ఒకే స్థాయికి అప్‌డేట్ చేయడమే నా మాట.

ఒక ప్రింటర్ డ్రైవర్ మొత్తం స్పూలర్‌నే కూల్చేస్తుంటే, 2009లో వచ్చిన సర్వర్ 2008 ఆర్2 నుంచి డ్రైవర్ ఐసోలేషన్ ఉంది. ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవర్‌ను ఐసోలేటెడ్ చేస్తే, అది కూలినా మిగతా ప్రింటర్లు నడుస్తాయి.

ఇన్నింటిలో ఏది మీదో తేలాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రింట్‌సర్వీస్ కింద ఆపరేషనల్ లాగ్ ఆన్ చేయాలి. అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాక అచ్చయిన ప్రతి పత్రం 307 నంబరుతో, ఎవరు పంపారో, ఎన్ని పేజీలో సహా నమోదవుతుంది. దాని పక్కనే కరెంటు పోయిన వేళలు రాసిన కాగితం ఒకటి ఉంచితే, సర్వీస్ మనిషి విజయవాడ నుంచి వచ్చేలోగానే చాలా విషయం తేలిపోతుంది.